కాళ్ళకి బూట్లు కొన్నాం, తేడా చెవిలో ఉందట: మా పాపని చూపించిన ఈఎన్‌టీ క్లినిక్ గురించి

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి నాలుగు స్టార్లు. కోసేసిన ఆ ఒక్కటీ వెయిటింగ్ హాల్లో మేం పడిగాపులు పడ్డ గంటలకీ, కింద మందుల షాపు వాళ్ళు చేసిన పనికీ. డాక్టరుగారికీ, లోపల గదిలో చెవి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ అమ్మాయికీ విడిగా ఇవ్వమంటే అయిదూ ఇచ్చేస్తాను, ఆరుంటే ఆరూ ఇచ్చేదాన్ని. ఇది కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే మా పాపలాగా ఊరికే పడిపోతూ ఉండే పిల్లలు ఇంకా ఎంతమందో ఉండి ఉంటారు, వాళ్ళ అమ్మలు కూడా నాలాగే చెప్పుల షాపుల చుట్టూ తిరుగుతూ ఉండి ఉంటారు.

కిందటేడు కార్తీక మాసంలో పట్టిన జలుబు సంక్రాంతి దాకా దాన్ని వదల్లేదు. తగ్గినట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి మళ్ళీ ముక్కు కారుతూ ఉంటుంది, రాత్రిళ్ళు నోరు తెరుచుకుని పెద్దవాళ్ళలాగా గురక. జ్వరం లేదు. చెవి నొప్పి అని ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఏడవలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. అప్పటికి దానికి మూడేళ్ళు దాటి మూడు నాలుగు నెలలు. సంక్రాంతికి దివిసీమ వైపు మా అత్తగారి ఊరు వెళ్ళినప్పుడు నాకు మొదటిసారి ఏదో తేడాగా అనిపించింది. వరి కోసేసిన చేలో మినుము పచ్చగా లేచి ఉంది, గట్టు మీద పిల్లలందరూ వరసగా పరిగెడుతున్నారు, మా ఆడపడుచు కొడుకు దీనికంటే రెండు నెలలు చిన్న, వాడూ పోతున్నాడు, ఇది మాత్రం నాలుగడుగులు వేసి పక్కకి ఒరిగిపోయి చేలో కూర్చుండిపోతోంది. మూడుసార్లు లేపాను. నాలుగోసారి నా కొంగు పట్టుకుని "నేను రాను" అంది. అంతకుముందు ఉయ్యాల దిగమంటే ఏడ్చే పిల్ల, ఆ పండక్కి చింతచెట్టుకి కట్టిన ఉయ్యాల ఎక్కను అని మొండికేసింది. పిరికిదైపోయిందేంటి అనుకున్నాం, అంతే.

విజయవాడ వచ్చాక గమనించడం మొదలుపెట్టా. పగలు ఇంట్లో బాగానే తిరుగుతుంది, సాయంత్రం మెట్ల మీద కూలబడుతుంది. పరుపు మీద నిలబడి ఆడుకోబోయి తూలుతుంది. రాత్రి బాత్‌రూమ్‌కి లేపితే తాగినవాళ్ళలాగా గోడ పట్టుకుని నడుస్తుంది, నిద్రమత్తు అనుకునేదాన్ని. ఒకరోజు కరెంటు పోయినప్పుడు హాల్లో నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే పక్కకి పడి టీపాయ్ అంచు తగిలి కనుబొమ్మ దగ్గర చిట్లింది, రెండు కుట్లు. మా అత్తయ్యగారు ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. నేను నవ్వడం లేదు లెండి, ఆవిడ దిష్టి తీస్తే నేను పిల్లల డాక్టరు రాసిన కాల్షియం, డి విటమిన్ సిరప్ పట్టాను, రెండూ ఒక్కలాగే పనిచేశాయి.

ఆ తర్వాత ఎముకల డాక్టరు. ఆయన నడిపించి చూసి, పాదం కొంచెం చదునుగా ఉంది, ఈ వయసుకి అది మామూలే అని చెప్పారు పాపం, మేమే ఉండబట్టలేక లోపల వంపు ఉన్న బూట్లు మూడున్నర వేలు పెట్టి కొన్నాం. ఆ బూట్లు వేసుకున్నాక ఇంకా ఎక్కువ పడింది. (ఎందుకో తర్వాత తెలిసింది, కింద చెప్తా.) కంటి డాక్టరు దగ్గరికీ వెళ్ళాం, చూపు బ్రహ్మాండం అన్నారు. ఇలా జూన్ వచ్చేసింది, ఎల్‌కేజీలో వేశాం, పదిరోజులకే టీచరు పిలిచి "మీ పాప వెనక నుంచి పిలిస్తే పలకదండీ, ధ్యాస ఉండటం లేదు" అంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో కూడా ప్రతిదానికీ "ఆఁ?" అంటోంది, టీవీ గోడకి ఆనుకుని చూస్తోంది. మొండితనం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అంటే మేం ఈ క్లినిక్‌కి వెళ్ళింది వినికిడి కోసం. పడిపోవడం గురించి చెప్పాలని కూడా అనుకోలేదు, అది కాళ్ళ డాక్టరు ఖాతాలో వేసేశాం కదా.

సూర్యారావుపేట డాక్టర్ల వీధుల్లో కారు పెట్టుకునే చోటు దొరకడం గురించి నేను రాయక్కర్లేదు, బెజవాడ వాళ్ళకి తెలుసు. ఆటోలో వెళ్ళండి. అపాయింట్‌మెంట్ పదిన్నరకి, లోపలికి పిలిచింది ఒంటిగంటంపావుకి. హాల్లో ఇరవై కుర్చీలు, నలభై మంది మనుషులు, ఫ్యాన్లు మూడు, అందులో ఒకటి తిరగదు. పిల్లల ఆసుపత్రి కాదు కాబట్టి ఆడుకోవడానికి ఏమీ ఉండదు, ఏదైనా బొమ్మ పట్టుకెళ్ళండి. తీరా డాక్టరుగారు చూసి "టెస్టులు చేయించాలమ్మా" అన్నాక రిసెప్షన్‌లో "ఈరోజు సోమవారం, టెస్టుల మేడమ్ రారు, రేపు రండి" అన్నారు. ఫోన్‌లో బుక్ చేసినప్పుడే ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. మా ఆయన అక్కడే గొడవ పెట్టుకోబోతుంటే నేనే బయటికి లాక్కొచ్చా.

కానీ డాక్టరుగారు చూసిన తీరు మాత్రం బావుంది. పిల్లని వెంటనే ముట్టుకోలేదు. ముందు నా చెవిలో లైటు పెట్టి చూసి, "అమ్మ చెవిలో పిచ్చుక లేదు, నీ చెవిలో ఉందేమో చూద్దామా తల్లీ" అన్నారు, ఇది తల తిప్పి చెవి ఇచ్చేసింది. చెవిలోకి బుల్లి రబ్బరు బల్బుతో గాలి కొట్టి కూడా చూశారు. మామూలుగా అయితే ఆ గాలికి చెవిలో పొర కదులుతుందట, దీనికి కదల్లేదు. రంగు కూడా మెరుస్తూ ముత్యంలా ఉండాల్సింది, మసకగా పసుపు తిరిగి ఉంది. "చెవి గూబ వెనక నీరు చేరిందమ్మా, రెండు వైపులా. చీము కాదు, జిగురు లాంటి నీరు" అన్నారు. గుబిలి ఏమో అని నేను అడిగితే, గుబిలి ఉండేది పొరకి ఇవతల, ఈ నీరు అవతల, నూనె పోసినా పుల్ల పెట్టినా దానికి అందదు అన్నారు. మా అత్తయ్యగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండుసార్లు పోశారని నేను అప్పుడు నోరు విప్పలేదు, ఇంటికొచ్చాక ఆ సీసా మాత్రం పారేశాను.

మర్నాడు టెస్టులు. అసలు ఈ రివ్యూ రాస్తున్నది ఈ గది కోసం.

మొదటిది టింపనోమెట్రీ. చెవికి రబ్బరు మూతి ఉన్న చిన్న గొట్టం ఆనించి గాలి ఒత్తిడి పెంచి తగ్గిస్తారు, చెవికి ఒక నిమిషం కూడా పట్టదు, నొప్పి లేదు, కాగితం మీద గీత వస్తుంది. బాగున్న చెవికి ఆ గీత మధ్యలో కొండలా లేస్తుంది. మా పాపకి రెండు చెవులకీ చెరువు గట్టులా బల్లపరుపుగా వచ్చింది, దాన్ని బి టైపు అంటారట. అంటే లోపల గాలి ఉండాల్సిన చోట నీరు ఉంది, పొర ఆడటం లేదు. తర్వాత వినికిడి పరీక్ష, ఆటలాగా చేసింది ఆ అమ్మాయి. హెడ్‌ఫోన్ పెట్టి, "టిక్ అని వినపడితే ఈ రింగు ఆ కర్రకి వెయ్యి" అని. మొదట్లో రింగులు చకచకా వేసింది, శబ్దం తగ్గేకొద్దీ రింగు చేత్తో పట్టుకుని ఊరికే నా మొహం చూస్తూ కూర్చుంది. ముప్ఫై, ముప్ఫై అయిదు డెసిబెళ్ళ దగ్గర ఆగిపోయింది. "రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని వినండి మేడమ్, పాపకి ప్రపంచం అలా వినపడుతోంది" అంది.

కాగితాలు సర్దుతూ ఆ అమ్మాయి మామూలుగా అడిగినట్టే అడిగింది: "పాప చీకట్లో పడుతుంటుందా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ చూసి అడిగిందని తర్వాత చెప్పింది. మెట్లు, పరుపు, కరెంటు పోయిన రోజు, గట్టు, ఉయ్యాల, అన్నీ గడగడా చెప్పేశాను. అంతా విని గది మూల నుంచి పరుపు ముక్కలాంటి మందపాటి స్పాంజి దిమ్మ ఒకటి తీసుకొచ్చి కింద వేసింది. మొదట నేల మీద కళ్ళు తెరిచి నిలబడమంది, నిలబడింది. నేల మీద కళ్ళు మూసుకుని, కొంచెం ఊగింది కానీ నిలబడింది. స్పాంజి మీద కళ్ళు తెరిచి, ఫర్వాలేదు. స్పాంజి మీద కళ్ళు మూసుకోమంది. ఒకటి అనేలోపు మా పాప కోసేసిన అరటి గెలలాగా పక్కకి వచ్చేసింది, ఆ అమ్మాయి చేతులు అప్పటికే చాపి ఉంచింది కాబట్టి సరిపోయింది. మళ్ళీ చేయించింది, మళ్ళీ అంతే.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తా. మనం పడకుండా నిలబడటానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు వస్తుంది: కళ్ళు, పాదాలూ కీళ్ళూ, లోపలి చెవి. లోపలి చెవి అంటే వినే నత్తగుల్ల ఒక్కటే కాదు, దాని పక్కనే మూడు సన్నటి వంపు గొట్టాలు, రెండు చిన్న సంచులు ఉంటాయి, తల ఎటు తిరిగింది, ఎటు వంగింది, పైకి పోతోందా కిందకి పోతోందా అని చెప్పేవి అవే. కళ్ళు మూస్తే ఒక కబురు ఆగిపోయింది. మెత్తటి స్పాంజి మీద నిలబెడితే పాదాల కబురు కూడా గందరగోళం అయిపోయింది. ఇంక మిగిలింది చెవి. మా పాప అక్కడే పడింది. చీకట్లో, పరుపు మీద, మెత్తటి చేల గట్టు మీద, ఉయ్యాలలో, అన్నిచోట్లా అది చెవి మీద ఆధారపడాల్సిన సమయమే, చెవి సరిగ్గా చెప్పడం లేదు. ఆ మందపాటి అడుగున్న బూట్లు కూడా పాదాలకి నేల తెలియకుండా చేశాయేమో, అందుకే వాటితో ఎక్కువ పడి ఉండొచ్చు అంది. మూడున్నర వేలు పోయాయని కాదు గానీ, దాని కాళ్ళ కింద ఉన్న చివరి ఆధారం కూడా మేమే లాగేశామే అనిపించింది.

నీరు ఉన్నది మధ్య చెవిలో కదా, ఒంటి తూకం (బ్యాలెన్స్) చూసేది లోపలి చెవి కదా, మధ్యలో ఎముక గోడ ఉంది కదా అని మా ఆయన అడిగారు (ఆయన ఇంజినీరు, అడక్కుండా ఉండలేరు). ఆ గోడకి రెండు కిటికీలు ఉన్నాయట. ఒకదాంట్లో ఒంట్లోకెల్లా చిన్న ఎముక ఇమిడి ఉంటుంది, రెండోదానికి పల్చటి పొర మాత్రమే తలుపు. మధ్య చెవిలో గాలి పీల్చుకుపోయి ఒత్తిడి మారినా, నీరు బరువుగా నిలిచినా ఆ పొర ద్వారా లోపలి ద్రవం మీద ప్రభావం పడుతుందని కొందరు, వాపు వల్ల పుట్టే పదార్థాలు ఆ పొర గుండా లోపలికి ఊరి అక్కడి కణాలని చికాకు పెడతాయని కొందరు అంటారు, ఏది ఎంత అన్నది పరిశోధకుల్లోనే ఇంకా తేలలేదని ఆవిడే చెప్పింది. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

మరి పిల్ల తల తిరుగుతోందని ఎందుకు చెప్పలేదు? మూడేళ్ళ పిల్లకి ఆ మాటే తెలియదు. అందరికీ లోకం ఇలాగే ఊగుతుంది కాబోలు అనుకుంటుంది. చెవి నొప్పి, జ్వరం, చీము ఉంటే మనమే చెవి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం, ఈ జిగురు నీటికి అవేవీ ఉండవు. బడికి వెళ్ళే వయసు వచ్చేలోపు పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ నీరు చేరుతుందట, చాలామందికి మూడు నెలల్లోపు దానంతట అదే పోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి గాలి చేరవేసే గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది, దాని మూతి దగ్గరే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ ముద్దలు ఉంటాయి, అవి ఉబ్బితే ఆ దారి మూసుకుపోతుంది. మా దానికి గురక అందుకే, ఎక్స్‌రేలో అవి బాగా పెరిగి కనపడ్డాయి. పాలసీసా పడుకోబెట్టి పట్టడం, ఇంట్లో సిగరెట్ పొగ కూడా ఈ చెవి తిప్పలని పెంచేవే అన్నారు. మా మామయ్యగారు ఆ మాట విని ఆ రోజు నుంచి సిగరెట్ వీధి చివర బడ్డీ దగ్గరే తాగి వస్తున్నారు. మానలేదు, మారారు.

ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని వెతికాను. ఇదేం కొత్త సంగతి కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో మార్గరెత కాసెల్‌బ్రాంట్ అనే డాక్టరు బృందం 1990లలోనే పిల్లలని ఒత్తిడి కొలిచే పలక మీద నిలబెట్టి, చెవిలో నీరున్న పిల్లలు ఎక్కువ ఊగుతారని చూపించింది. ఎదురుగా కనిపించే దృశ్యాన్ని కదిలిస్తే, చెవి జబ్బు పడ్డ పిల్లలు మిగతావాళ్ళకంటే ఎక్కువ ఊగారట, అంటే వాళ్ళు చెవిని నమ్మలేక కళ్ళ మీద బరువంతా వేసి నిలబడుతున్నారన్నమాట. అక్కడి ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2022లో మళ్ళీ సవరించినదాంట్లో కూడా, నీరు మూడు నెలలు దాటి ఉండి పిల్లకి తూకం తప్పడం లాంటి ఇబ్బంది ఉంటే చెవి పొరలో బుల్లి గొట్టాలు వేసే విషయం ఆలోచించొచ్చు అని స్పష్టంగా ఉంది. మరి మాకు ఎనిమిది నెలల్లో ఈ మాట ఎవరూ అనలేదేంటి అని కోపం వచ్చింది, కానీ నిజం చెప్పాలంటే మేం ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా "పడిపోతోంది" అన్నామే తప్ప "వినపడటం లేదు, గురక పెడుతోంది, చీకట్లో పడుతోంది" అని మూడూ కలిపి ఎక్కడా చెప్పలేదు.

మందుల సంగతి. డాక్టరుగారు యాంటీబయాటిక్ రాయలేదు, అలర్జీ సిరప్ రాయలేదు, ఇవి ఈ నీటిని తగ్గించవు, మూడు నెలలు ఆగి చూద్దాం అన్నారు. ఇంతసేపు కూర్చోబెట్టి, ఇంత డబ్బు కట్టించుకుని ఖాళీ చేతులతో పంపుతున్నారేంటి అని నేనూ అనుకున్నా, అబద్ధం ఎందుకు. కింద మందుల షాపు వాడు ఆ చీటీ తీసుకుని, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలతో పాటు ఒక జలుబు సిరప్ కూడా కవర్‌లో పెట్టేశాడు, "పిల్లలకి అందరికీ ఇస్తామమ్మా" అని. బిల్లు చూసి వెనక్కి ఇచ్చేశాం. క్లినిక్ వాళ్ళు అది మా షాపు కాదు, అద్దెకిచ్చాం అంటారు. కావచ్చు, మెట్లు దిగితే కనిపించేది అదే కదా, మీరే చూసుకోవాలి.

ఆ మూడు నెలలకి చెప్పిన జాగ్రత్తలు మాత్రం చాలా పనికొచ్చాయి. రాత్రి పడకగది నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న లైట్లు, పాపని ఇంట్లో వట్టి కాళ్ళతోనే తిరగనివ్వడం, చీకట్లో మెట్లు ఒంటరిగా దిగనివ్వకపోవడం, బడిలో ముందు బల్ల. నీళ్ళలోకి, అంటే ఈత కొలనైనా కృష్ణలో స్నానమైనా, చేతికి అందే దూరంలో పెద్దవాళ్ళు లేకుండా వదలొద్దు, తల మునిగితే ఇలాంటి పిల్లలకి పైకేదో కిందేదో తెలియకపోవచ్చు అన్నారు, అది విన్నాక మంగినపూడి బీచ్ ప్రయాణం మానేశాం. ముక్కుతో బుడగ ఊదే పరికరం ఒకటి ఇచ్చారు, ఒక ముక్కు మూసి రెండో ముక్కుతో బుడగ ఊదితే ఆ గొట్టం తెరుచుకుంటుందని, రోజుకి మూడుసార్లు. మా పాప మొదటి వారం సరదాగా చేసింది, తర్వాత బతిమాలితే రోజుకి ఒకసారి. తొక్కుడుబిళ్ళ ఆడించమన్నారు, నేల మీద గీత గీసి నడిపించమన్నారు. ముగ్గుపిండితో వరండాలో గళ్ళు గీసి నేనూ ఎగిరాను, మోకాలు పట్టేసింది.

ఇంకోటి కూడా చెప్పారు, అందరికీ పనికొస్తుంది. పడే ప్రతి పిల్లకీ చెవి కారణం కాదు, ఈ వయసులో కొంత పడటం మామూలే. కానీ ఉన్నట్టుండి నిలబడలేకపోయినా, తలనొప్పితో వాంతులవుతున్నా, మెల్లకన్ను కొత్తగా వచ్చినా, మూతి ఒక పక్కకి లాగినా, చెవి వెనక వాచి ఎర్రబడినా మూడు నెలలు కాదు, మూడు గంటలు కూడా ఆగొద్దు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు.

సెప్టెంబర్ ఆఖర్లో మళ్ళీ టెస్టు. గీత అలాగే బల్లపరుపు. స్పాంజి మీద అలాగే పడింది. అప్పుడు గ్రామెట్ల మాట, అంటే ఆ బుల్లి గొట్టాల మాట ఎత్తారు. చెవి పొరకి సన్నగా గాటు పెట్టి, లోపలి జిగురు లాగేసి, ఆ గాటులో బియ్యపు గింజ కంటే చిన్న గొట్టం పెడతారు, గాలి అటూ ఇటూ ఆడుతుంది. నాలుగేళ్ళు నిండాయి, గురక ఉంది కాబట్టి అడినాయిడ్స్ కూడా అదే మత్తులో తీసేద్దాం అన్నారు. తొందరపెట్టలేదు, ఇంకో డాక్టరు దగ్గర కనుక్కుని రమ్మని ఆయనే అన్నారు. మేం హైదరాబాద్‌లో మా తమ్ముడి ద్వారా కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో చూపించాం, అక్కడా అదే మాట.

దసరా సెలవుల తర్వాత ఆపరేషన్, ఈ డాక్టరుగారు వెళ్ళే వేరే ఆసుపత్రిలో. తెల్లవారుజాము నుంచి ఆహారం లేదు, నీళ్ళు మాత్రం రెండు గంటల ముందు దాకా. పిల్లని నా చేతుల్లోంచి తీసుకెళ్ళినప్పటి సంగతి నేను రాయను. ముప్పావుగంటలో బయటికి తెచ్చారు. ఎడమ చెవిలోంచి తీసింది సీసాలో చూపించారు, గంజి కాదు, గోందు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. మొత్తం దగ్గర దగ్గర 55 వేలు అయింది, ఇన్సూరెన్స్ వాళ్ళ అప్రూవల్ కోసం మధ్యాహ్నం నుంచి ఆరింటిదాకా కూర్చోబెట్టారు, అది ఈ క్లినిక్ ఖాతాలో వెయ్యను.

మర్నాడు పొద్దున మిక్సీ వేస్తే పాప చెవులు మూసుకుని ఏడ్చింది. "అమ్మా, ఫ్యాన్ మాట్లాడుతోంది" అంది. వినికిడి అలా ఒక్కరోజులో వచ్చేసింది. తూకం మాత్రం అంత తొందరగా రాలేదు, ఇది కూడా చెప్పాలి, గొట్టం వేయగానే గట్టు మీద పరిగెత్తుతుందని ఆశ పెట్టుకోకండి. మొదటి రెండు వారాలు అలాగే తూలింది, నాకు మళ్ళీ టెన్షన్ మొదలైంది. మూడో వారంలో పరుపు మీద ఎగరడం చూశాను. ఆరు వారాలకి స్పాంజి టెస్టు: కళ్ళు మూసుకుని ఎనిమిది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడింది, తొమ్మిదికి నవ్వుతూ కావాలనే పడింది. ఒంటికాలి మీద ఇంకా రెండు మూడు అంకెలే, తోటి పిల్లలకంటే వెనకే ఉంది, ఆడించడం మానొద్దన్నారు. గ్రామెట్లు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు వాటంతట అవే ఊడి వస్తాయట, కొందరికి మళ్ళీ నీరు చేరొచ్చు, అందుకే చూపించుకుంటూ ఉండాలి. చెవిలో నూనె మాత్రం చచ్చినా పోయొద్దన్నారు, ఆ మాట మా అత్తయ్యగారి ఎదురుగానే చెప్పించాను.

ఫీజులు: కన్సల్టేషన్ 500, టింపనోమెట్రీ 600, వినికిడి 700. స్పాంజి మీద నిలబెట్టినదానికి మొదటిసారి ఏమీ తీసుకోలేదు, రెండోసారి నుంచి "బ్యాలెన్స్ అసెస్‌మెంట్" అని 400 బిల్లు వేశారు, రేట్ల బోర్డు మీద ఆ లైను లేదు, అడిగితే రాయిస్తాం అన్నారు, డిసెంబర్‌లో వెళ్ళినా రాయించలేదు. తిరగని ఫ్యాన్ మాత్రం బాగుచేయించారు.

వెళ్ళేవాళ్ళు మంగళ, గురు, శనివారాల్లో వెళ్ళండి, టెస్టుల అమ్మాయి ఉండేది ఆ మూడు రోజులే, ఫోన్‌లో వాళ్ళు చెప్పరు, మీరే అడగాలి. టోకెన్ పొద్దున ఎనిమిదికే మనిషిని పంపి తీయించుకుంటే పదకొండులోపు బయటపడతారు. పిల్లకి ముందే ఏదైనా తినిపించి తీసుకెళ్ళండి, పక్కన ఇడ్లీ బండి తొమ్మిదిన్నరకే ఎత్తేస్తాడు.